కోటగోడలును, కోటలోని కాపురమును

ఒక బాలుని ప్రశ్న

కొలదికాలము క్రిందట మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని గండికోటకు పోయియుంటిమి. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పారుచున్న లోయ యంచున నిలిచి బాలురు కొంతసేపు మాటలాడక చూచిరి. పిదప జుమ్మా మసీదును, మాధవరాయస్వామి గుడిని, రంగనాయకుల గుడిని, ధాన్యాగారమును, చెఱసాలను, పావురముల గోపురమును వరుసగా చూపి మాకు తెలిసిన చరిత్రమును చెప్పితిమి. పాఠము ముగిసినదని మేము తలంచుచుండగా వెనుకవరుసలో నిలిచిన యొక బాలుడు ఇట్లడిగెను: "అయ్యవారూ, దేవుని యిల్లు చూపితిరి, గింజలుంచిన యిల్లు చూపితిరి, దొంగల నుంచిన యిల్లుకూడ చూపితిరి. ఈ గోడమీద కావలి కాచిన బంట్లు ఎక్కడ పండుకొనిరి?"

తక్కిన బాలురు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఇరువది సంవత్సరములుగా చరిత్రపాఠములు చెప్పుచున్న మాకు ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము తోపలేదు. ఏ రాజు కట్టెను, ఏ సుల్తాను గెలిచెను, ఏ సంవత్సరమున గెలిచెను అని చెప్పుటయే చరిత్రమని మేమును మా గురువులవలన నేర్చి, అట్లే బోధించుచుంటిమి. కోట యనునది యుద్ధము కొఱకు కట్టిన గోడయే కాదు. వేలకొలది జనులు వండుకొని తిని, పండుకొని లేచి, బిడ్డలను పెంచిన యూరుకూడ నని ఆ బాలుడు మాకు జ్ఞాపకము చేసెను. ఈ వ్యాసము వానికి మేము బాకీపడిన సమాధానము.

కోటలయందలి భేదములు

మన పూర్వులు నీతిశాస్త్రములలో దుర్గములను పెక్కు విధములుగా విభజించిరి. కొండమీదిది గిరిదుర్గము, నీటిచే చుట్టబడినది జలదుర్గము, అడవిచే రక్షింపబడినది వనదుర్గము, మైదానమున గోడయు అగడ్తయు మాత్రమే యాధారముగా కట్టబడినది స్థలదుర్గము. దుర్గమనగా పోవుటకు కష్టమైనదని యర్థము. శత్రువునకు కష్టమును కలిగింపగల దేదియైనను, అది కొండ కానిండు, నది కానిండు, ముండ్లపొద కానిండు, దానిని తనకు తోడుగా చేసికొనుటయే కోట కట్టువాని మొదటి నేర్పు.

కర్నూలు కడప సీమలలో ఈ నేర్పునకు మంచి నిదర్శనములు గలవు. ఆదవాని కోట అయిదు గండశిలల కొండలమీద వ్యాపించినది; వానిలో మిక్కిలి యెత్తైన బారాకిల్లా, తాలిబండ యనునవి మైదానమునుండి సుమారు 800 అడుగుల యెత్తు లేచియున్నవి. కర్నూలు కోట తుంగభద్ర యొడ్డున, హంద్రి వచ్చి కలియు తావున నున్నది. కడప సమీపమున సిద్ధవటము కోట పెన్న యొడ్డున నున్నది. దానికి రాతిగోడలు పెట్టించిన మట్లి అనంతరాజు 'కకుత్స్థ విజయము'ను రచించిన కవియు నైయుండెను. గండికోటయన్ననో, ఒకవైపున కొండయు, ఒకవైపున నదీలోయయు దానికి సహజమైన కాపులు. గండి యనగా నది కొండను కోసిన సందు. ఆ గండియే కోటకు పేరును బలమును గూడ నిచ్చినది.

కోటయొక్క యంగములు

విద్యార్థులు కోటను చూడబోవునపుడు దాని యంగములను తెలిసికొని చూచినచో ప్రతిరాయియు మాటలాడును. మొదటిది అగడ్త. ఇది గోడచుట్టును త్రవ్విన లోతైన కందకము. శత్రువులు నిచ్చెనలు వేయకుండుటకును, గోడక్రింద సొరంగము త్రవ్వకుండుటకును ఇది యుపయోగపడును. కొండకోటకు అగడ్త యక్కఱలేదు, కొండచఱియయే యగడ్త.

రెండవది గోడ. గండికోట గోడ చుట్టుకొలత సుమారు అయిదు మైళ్లు. ఎత్తు ఇంచుమించు ముప్పది మొదలు నలువది యడుగులు. చెక్కిన యెఱ్ఱ యిసుకరాళ్లతో దానిని కట్టిరి. గోడ లోపలి తట్టున పైభాగమందు సుమారు పదునా ఱడుగుల వెడల్పుగల దారి యుండుటచే బంట్లు ఒకచోటినుండి మఱియొకచోటికి త్వరగా పరుగెత్తుటకు వీలు కలిగెను. గోడతల మీద వరుసగా నిలిచిన కొమ్మలు బంటునకు డాలువంటివి. వాని నడుమనుండియు, వానియందలి తూట్లనుండియు బాణమో తుపాకియో వేసి, మరల చాటునకు తొలగవచ్చును.

మూడవది బురుజు. తిన్నని గోడపై నిలిచినవాడు గోడయడుగున నున్న శత్రువును చూడజాలడు. తల బయట పెట్టినచో ప్రాణము పోవును. అందుచే గోడనుండి ముందునకు చొచ్చుకొనివచ్చునట్లు బురుజులను కట్టి, ఒక బురుజునుండి రెండవ బురుజువఱకు గోడపాదమును ప్రక్కనుండి కాపాడిరి. గండికోటకు ఇట్టి బురుజులు నలువది యున్నవని లెక్క. ఫిరంగులు వచ్చిన తరువాత కోణములుగల బురుజుకంటె గుండ్రని బురుజు మేలని కట్టువారు గ్రహించిరి. గుండు తగిలినపుడు మూల విఱిగిపోవును, గుండ్రనిదానిపై గుండు జాఱిపోవును. కర్నూలు నడిబొడ్డున నిలిచిన కొండారెడ్డి బురుజు మనలో పలువురకు తెలిసినదే. అలంపురమునకు చెందిన కొండారెడ్డి దానియందు బందీగా నుండెనని జనశ్రుతి.

నాలుగవది వాకిలి. కోటలో మిక్కిలి బలహీనమైన చోటు ఇదియే. అందుచే మిక్కిలి బుద్ధి వినియోగించిన చోటును ఇదియే. దారిని తిన్నగా లోపలికి పోనీయక రెండు మూడు మలుపులు త్రిప్పిరి. పరుగెత్తివచ్చు ఏనుగు మలుపులో వేగమును కోల్పోవును; మలుపు తిరుగువాని ప్రక్కభాగము పైనున్న బంట్లకు గుఱియగును. కొయ్యతలుపులకు ఇనుపరేకులు తాపించి, ఏనుగు నుదురానించి నెట్టకుండునట్లు పొడుగైన ఇనుపమేకులు కొట్టిరి. పెద్దతలుపు మూసినను మనుష్యు డొక్కడు వంగి పోవుటకు చిన్న దిడ్డివాకిలి యుండెడిది. వంగినవాని తల ముందుగా లోపలికి వచ్చును గదా! ఆ యేర్పాటులోని యర్థమును విద్యార్థులే యూహించుకొందురు గాక.

బంట్లు పండుకొన్న చోటు

ఇక బాలుని ప్రశ్న. గండికోట నడుమ ఇప్పుడును ఒక పల్లె గలదు. ఆనాటి మధ్యాహ్నము ఆ పల్లెలో నొక అవ్వ మా పిల్లలకు కడవలోని నీరు పోసినది. మేము ఆమెను బాలుని ప్రశ్నయే యడిగితిమి. ఆమె చేయి చాచి చుట్టునున్న నేలను చూపి, "యాడ పండుకుంటారు నాయనా, మా మాదిరే యిండ్లు యేసుకోని పండుకునింటారు. ఈడ సేద్యం చేస్తే పెంకులు తగుల్తానే వుంటాయి" అని చెప్పినది.

మా గ్రంథములు చెప్పనిదానిని ఆమె చెప్పినది. గుడిని, మసీదును, ధాన్యాగారమును రాతితోను సున్నముతోను కట్టిరి గనుక అవి నిలిచినవి. బంట్ల యిండ్లు మట్టిగోడలును, బోదకప్పును గలవి. నాలుగు వానలకు కరగిపోయినవి. రాయి నిలిచినంత మాత్రమున రాజు మాత్రమే యుండెననియు, మట్టి కరగినంత మాత్రమున బంటు లేడనియు తలంచుట పొరపాటు. ధాన్యాగారము ఇంత పెద్దదిగా నేల యున్నది? తిను నోళ్లు అన్ని యుండెను గనుక. ఆ కట్టడమే బంట్లను గూర్చిన సాక్ష్యము.

బంటు జీతమెట్లుండెను? విజయనగర రాజుల కాలమున నాయకులకు రాయలవారు అమరముగా భూము లిచ్చెడివారు. నాయకుడు ఆ భూముల రాబడితో ఇన్ని గుఱ్ఱములను, ఇందఱు కాల్బంట్లను పోషించి, పిలిచినపుడు కొనిరావలెను. గండికోట నేలిన పెమ్మసానివారు ఇట్టి నాయకులు. తరువాత పాళెగాండ్ర కాలమున బంటులకు కట్టుబడి మాన్యములుండెను. వారు ఏటిలో పెక్కునెలలు మడక దున్నిన రైతులే. పాళెగాని కొమ్ము ఊదినపుడు బల్లెము పట్టి కోటకు వచ్చెడివారు. కావున ఆనాటి కోటలో బంటును రైతును వేఱుచేసి చూచుట కష్టము.

వారు తిన్నది మన తాతలు తిన్నదే: జొన్నరొట్టె, కొఱ్ఱన్నము, సంగటి. గుఱ్ఱములకు ఉలవలు. కొండకోటలో మందుగుండు సామానును నివాసములకు దూరముగా, చెమ్మ తగులని చోట నుంచవలెను. వంటపొయ్యి నిప్పురవ్వ యొక్కటి చాలును, శత్రువుతో పనిలేదు. ఇరుకైన చోట వేలమంది కాపురమున్నపుడు మురికి నీరెటు పోవలెను, చచ్చిన పశువును ఎక్కడ పాతవలెను అనునవియు రక్షణసమస్యలే. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగమువఱకును ప్రపంచమందలి సేనలలో ఆయుధములకంటె వ్యాధులచేతనే యెక్కువమంది చచ్చిరి. 1853 మొదలు 1856 వఱకు జరిగిన క్రిమియా యుద్ధములో ఫ్లారెన్సు నైటింగేలు లోకమునకు నేర్పిన పాఠమిదియే. మన సీమలోను దత్తమండలముల తొలి ప్రధాన కలెక్టరైన సర్ థామసు మన్రో, మద్రాసు గవర్నరుగా నుండి, 1827 జూలై 6 వ తేదీన పత్తికొండలో కలరాచే మరణించెను. ఎన్నో యుద్ధములు దాటివచ్చినవానిని గ్రుక్కెడు చెడ్డనీరు కూల్చినది.

నీరే కోట

సాలుకు ఏడువందల మిల్లీమీటర్ల వాన పడిన మంచి సంవత్సరమనుకొను మన సీమలో కోటకు ప్రాణము గోడ కాదు, నీరు. కొండకోటలలో రాతి దొనలయందు వాననీటిని నిలిపిరి, బావులు తొలిచిరి, చెఱువులు కట్టిరి. ఆదవాని కొండ సగమెత్తున నెన్నడును ఎండని చెఱువొకటి గలదని ప్రతీతి. గండికోటలో రాయలచెఱువు గలదు; కత్తుల కోనేరును గలదు. యుద్ధము ముగిసిన బంట్లు నెత్తుటికత్తులు ఆ కోనేటిలో కడిగిరని చెప్పుదురు. విద్యార్థులకు ఇట్టి కథలు ప్రీతికరములు. కాని ఆలోచింపుడు: ముట్టడిలో నున్న కోటవారు త్రాగునీటి కోనేటిలో నెత్తురు కలుపుదురా? పేరును విని కథ పుట్టియుండవచ్చును. కథను విని సంతోషింపవచ్చును. నమ్ముటకు ముందు ప్రశ్నింపవలెను.

నీరు లేని గోడ యేమగునో అనంతపురపు సీమయందలి గుత్తికోట చరిత్రము చెప్పును. మురారిరావు ఘోర్పడే యనునతడు ఆ కోట నేలుచుండెను. 1775 లో హైదరాలీ వచ్చి ముట్టడించెను. ఆ కొండకోటను ఎక్కి గెలుచుట యెవ్వరికిని సులభము కాదు. మురారిరావు నెలలకొలది నిలిచెను. తుదకు కోటలో నీరు తఱుగుటచే 1776 లో లోబడవలసివచ్చెను. అతనిని శ్రీరంగపట్టణమునకును, పిదప కబ్బాళదుర్గమునకును కొనిపోయిరి. అక్కడనే బందీగా మరణించెను. గోడలో నొక్క రాయియైన కదలక మునుపే కడవ లెండినవి. ఆ చివరిదినములలో దొనయడుగున బురదనీటిని చేదుకొన్నవారి పేళ్లను ఎవ్వరును వ్రాయలేదు.

కోటలు పడిన విధములు

కోటను గోడయే రక్షించునదైనచో మన సీమకోట లెన్నటికిని పడియుండరాదు. కాని యన్నియు పడినవి. గోడ యొక్క బలిమికంటె ఇతర కారణములే యెక్కువగా కనబడుచున్నవి.

తళ్లికోట యుద్ధమున 1565 లో విజయనగరము కూలెను. మూడేండ్లకు, 1568 లో, ఆదవాని బిజాపురము వారికి చిక్కెను. వెనుకనుండి సాయము వచ్చునను నమ్మకము పోయిన కోట సగము పడినట్లే. 1686 లో ఆదవానిలోని సిద్ది మసూదుఖాను ఏలుబడిని రక్షించుచుండిన బిజాపురమే మొగలులకు లోబడెను; అటుపిమ్మట ఆదవానియు వారి వశమయ్యెను. 1786 లో టిప్పుసుల్తాను ఆదవానిని ముట్టడించినపుడు కోటలో బసాలతుజంగు కుమారుని కుటుంబము, స్త్రీలు, బిడ్డలు నుండిరి. నిజాము, మహారాష్ట్రుల సేనలు సాయము వచ్చినవి. కాని వర్షకాలము వచ్చి తుంగభద్ర పొంగునేమో యను భయముచే వారు కుటుంబమును మాత్రము దాటించుకొనిపోయి కోటను విడిచిరి. టిప్పు దానిని పట్టి గోడలను పడగొట్టించెను. కోటయందు కాపురముండువారు భారమును అగుదురు, బలమును అగుదురు. ఆదవాని సేనాపతులు గోడలకంటె ప్రాణములనే యెంచుకొనిరి. మేము వారిని తప్పుపట్టము.

గండికోటను 1650 లో గోలకొండ సేనాపతి మీర్ జుమ్లా పట్టెను. రెండేండ్లకు, 1652 లో, ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే అచ్చటికి వచ్చి అతనిని చూచెను. కోటకు పోవు దారి యెంత యిరుకో, ఒకతట్టు లోయ యెంత భయంకరమో తావెర్నియే వర్ణించియున్నాడు. మీర్ జుమ్లా ఆ ప్రాంతపు గుళ్లనుండి రాగివిగ్రహములను తెప్పించి కరగించి, ఫ్రెంచివా డొకనిచే ఫిరంగులు పోయింప యత్నించెననియు, పెద్దఫిరంగి సరిగా రాలేదనియు అతడే వ్రాసెను. గెలిచినవాడు మొదట చేసిన పని ఫిరంగులకై యత్నించుట యని గమనింపుడు. గోడలకాలము తీరుచున్నదని అతనికి తెలిసియుండెను.

గోడ లోపలినుండి వచ్చు అపాయము మఱియొకటి. 1687 లో ఎనిమిది నెలలు ఔరంగజేబు సేనకు లొంగని గోలకొండ, లోపలివా డొకడు వాకిలి తెఱచుటచే ఒక్కరాత్రిలో పడెను. 1806 జూలై 10 వ తేదీన వేలూరికోటలో కాపురమున్న సిపాయిలే తెల్లవాఱకమునుపు తిరుగబడిరి. క్రొత్త తలపాగాను పెట్టుకొనుమనియు, నొసటి బొట్లు తుడిచికొనుమనియు, గడ్డములు తీయుమనియు చేసిన యుత్తరువులు వారి మనస్సులను గాయపఱచెను. వేలూరి అగడ్తలో నీరు నిండుగానే యుండెను. కాని అగడ్త బయటివానిని ఆపును గాని లోపలివాని దుఃఖమును ఆపజాలదు.

కోటల యంత్యకాలము

1800 లో నిజాము మన సీమలను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అంతట పాళెగాండ్ర కోటలు ఒకటొకటిగా నిరాయుధములయ్యెను. కర్నూలు మాత్రము నవాబు పాలననే యుండెను. 1839 లో నవాబు గులాం రసూలుఖాను కోటలో లెక్కకు మించిన ఫిరంగులను, మందుగుండును కూర్చుచున్నాడని కంపెనీవారు సేనను పంపిరి. జోహరాపురమువద్ద పోరు జరిగెను; నవాబు బందీయై తిరుచినాపల్లికి పంపబడి మరుసటి యేట అక్కడ హత్య చేయబడెను. కోటను 1862 లో పడగొట్టిరి. కొన్ని బురుజులును వాకిళ్లును మిగిలెను. 1871 వఱకును దానిలో సిపాయిలు కాపురముండిరి.

కట్టుబడి మాన్యములు తీసివేయబడినపుడు ఆ బంటురైతుల కడుపుమంటయే 1846 లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటునకు ఒక ముఖ్య కారణమయ్యెను. 1847 ఫిబ్రవరి 22 వ తేదీన ఇప్పుడు నంద్యాల జిల్లాలో నున్న కోయిలకుంట్లలో అతనిని ఉరితీసి, అతని తలను 1877 వఱకు కోటబురుజున వ్రేలాడదీసిరని చెప్పుదురు. జనులను కాచుటకు కట్టిన బురుజు జనులను భయపెట్టుటకు ఉపయోగింపబడెను. ఒకే రాయి రెండుపనులు చేయును. రాతిది తప్పు కాదు.

తరువాతి కాలమున 1953 మొదలు 1956 వఱకు కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యయ్యెను. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచినవి. పూర్వము కోటకు అగడ్తగా పనిచేసిన నదులే ఊరిలోనికి వచ్చినవి. ఆనాడు జనులను కాపాడినవి గోడలు కావు. మిద్దెలమీద ఒకరికొకరు అందించుకొన్న చేతులు.

మన కర్తవ్యము

ఆ దినము తిరుగుప్రయాణమునకు ముందు మా విద్యార్థులలో నిద్దఱు గోడపై బొగ్గుతో తమ పేళ్లు వ్రాసిరని తెలిసెను. మేము కోపించితిమి. కాని ప్రశ్న నడిగిన బాలుడే కడవనీరును గుడ్డపీలికయు తెచ్చి తుడువనారంభించెను. వ్రాసినవారును సిగ్గుపడి వానితో కూడిరి. అది చూచి మా కోపము చల్లారెను. ఆ గోడను మోసినవారు, కాచినవారు తమ పేళ్లను దానిమీద వ్రాసికొనలేదు. వారు వ్రాసికొననిచోట మనము వ్రాయుట తగునా? కోటరాళ్లను తెచ్చి పశువులకొట్టములకు పెట్టికొనుటయు ఇట్టిదే. రాయి పోయినచో పాఠము పోవును.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీ యూరిలో బురుజో, పాడుకోటయో, పాతబావియో యున్నచో సెలవులలో మీ బిడ్డలను వెంటబెట్టుకొని పొండు. దానిని గూర్చి మీ పెద్దలు చెప్పినది చెప్పుడు. కట్టుబడి మాన్యము ననుభవించిన యింటివారు మన విద్యార్థులలోనే యుండవచ్చును. చరిత్రము రాజుల సొత్తని బిడ్డలు అనుకొనకుందురు గాక.

విద్యార్థులారా! ఆ బాలునికి మేము చెప్పు సమాధాన మిది: నాయనా, బంట్లు పండుకొన్న చోటు నీవు నిలిచిన నేలయే. వారి గోడలు కరగి ఆ నేలలోనే కలిసియున్నవి. నీవు అడుగు పెట్టునపుడు కొంచెము మెల్లగా పెట్టుము.

అభ్యాసము

1. అగడ్త, బురుజు, దిడ్డివాకిలి: వీని యుపయోగములను వ్రాయుము.
2. గుండ్రని బురుజు కోణపు బురుజుకంటె ఏల మేలు? పటము గీసి చూపుము.
3. గుత్తికోట, ఆదవానికోట, గోలకొండ పడుటకు గల కారణములను పోల్చుము.
4. నీ యింట నెందఱు గలరో లెక్కించి, వారికి మూడునెలలకు ఎంత నీరు, ఎంత ధాన్యము కావలయునో గణించుము. వేయిమంది యున్న కోటకు ఎంత?
5. మీ యూరి పెద్దల నడిగి, మీ యూరిలోని పాతకట్టడ మొకదానిని గూర్చి పది వాక్యములు వ్రాయుము. దానిలో రాజు పేరు లేకున్నను చింత లేదు.